జార్జి టౌన్‌లో కరోనా తొలి నెలలు

జార్జి టౌన్ చెన్నై నగరంలోని పాత వ్యాపార పేట. 2020లో కరోనా మహమ్మారి మొదటి విడత నగరంలో ఎక్కువగా పీడించిన ప్రాంతాల్లో ఇది ఒకటి. ఆ ఏడాది మార్చి 7న తమిళనాడులో మొదటి కేసు బయటపడింది. మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. సెప్టెంబరు 1న చెన్నైలో సిటీ బస్సులు తిరిగి రోడ్డెక్కాయి, గుళ్ల తలుపులు భక్తులకు తెరుచుకున్నాయి. ఈ ఆరు నెలల్లో పేట వ్యాపారం, కూలి, పూజ, చదువు, చావు అన్నీ కొత్త నిబంధనల కిందికి వచ్చాయి. ఇంట్లోనే ఉండాలి, మనిషికీ మనిషికీ మధ్య దూరం పాటించాలి అన్నవి ఆ నిబంధనల్లో ముఖ్యమైనవి. ఇరుకు ఇళ్లలో ఉంటూ జనసమ్మర్దం మీదే బతికే పేటలో ఇవి ఎంతవరకు సాధ్యమన్నది ఈ కాలం ముందుకు తెచ్చిన ప్రధాన ప్రశ్న.

పేట స్వరూపం

1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర స్థలం పొంది ఈస్టిండియా కంపెనీ కట్టుకున్న కోటకు ఉత్తరాన ఈ పేట పెరిగింది. వెంకటాద్రి తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం వెలిసింది. తెల్లవాళ్లు బ్లాక్ టౌన్ అని పిలిచిన ఈ ప్రాంతానికి 1911లో అయిదవ జార్జి పట్టాభిషేకం సందర్భంగా జార్జి టౌన్ అన్న పేరు పెట్టారు. ముత్యాలపేట, పెద్దనాయకన్‌పేట, మన్నడి, షావుకారుపేట, కొత్వాల్ చావిడి దీనిలోని భాగాలు. దక్షిణపు అంచున మద్రాసు హైకోర్టు, రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, ఉత్తరపు అంచున స్టాన్లీ ఆసుపత్రి ఉన్నాయి. నగర పాలక సంస్థ విభజన ప్రకారం ఇది రాయపురం కేంద్రంగా ఉన్న 5వ జోన్‌లోకి వస్తుంది.

ఇక్కడ ఒక్కో వీధిది ఒక్కో వ్యాపారం. గోడౌన్ వీధిలో బట్టలు, ఆండర్సన్ వీధిలో కాగితం, శుభలేఖలు, నైనియప్ప నాయకన్ వీధిలో రసాయనాలు, శస్త్రచికిత్స సామగ్రి, గోవిందప్ప నాయకన్ వీధిలో ఎండు పళ్లు, ప్లాస్టిక్ సామాను, బర్మా బజారులో ఎలక్ట్రానిక్ సరుకు దొరుకుతాయి. తెలుగు వైశ్యులు, తమిళ చెట్టియార్లు, గుజరాతీ, మార్వాడీ, జైన కుటుంబాలు, తమిళ ముస్లిములు పక్కపక్క వీధుల్లో ఉంటారు. కొత్వాల్ చావిడిలోని కన్యకా పరమేశ్వరి ఆలయం, దాని ధర్మసంస్థలు నడిపే విద్యాలయాలు ఇక్కడి తెలుగు వాళ్ల ముఖ్య కేంద్రాలు. ఆంధ్రపత్రిక మద్రాసుకు తరలివచ్చాక వెలువడింది తంబుచెట్టి వీధి నుంచే.

భవనాల అమరిక కూడా ఈ చరిత్రలో ముఖ్యమే. చాలా చోట్ల కింద అంగడి, వెనుక గోడౌను, పైన కుటుంబాలు, ఆ పైన పనివాళ్ల గదులు. మెట్లు, కుళాయి, మరుగుదొడ్డి ఉమ్మడివి. బయట కాలిబాట మీద తరతరాలుగా కాపురం ఉంటున్న కుటుంబాలు వేరు. 2011 జనగణన ప్రకారం పాత చెన్నై జిల్లాలో చదరపు కిలోమీటరుకు 26,000 మందికి పైగా జనం ఉన్నారు. పాత పేటల్లో ఇరుకు అంతకన్నా ఎక్కువ.

మొదటి కేసులు, మూసివేత

తమిళనాడులో మొదటి రోగి ఒమన్ నుంచి తిరిగివచ్చిన కాంచీపురం ఇంజనీరు. జనరల్ ఆసుపత్రిలో చికిత్స పొంది కోలుకున్నాడు. రెండవ రోగి ఢిల్లీ నుంచి రైల్లో సెంట్రల్ స్టేషనుకు వచ్చిన యువకుడు. అతన్నీ అదే ఆసుపత్రిలో చేర్చారు. రాష్ట్రంలో మొదటి మరణం మార్చి 25న మదురైలో సంభవించింది.

మార్చి 22 ఆదివారం దేశమంతటా జనతా కర్ఫ్యూ పాటించారు. తమిళనాడు ప్రభుత్వం దాన్ని మరునాడు తెల్లవారుజామున 5 గంటల దాకా పొడిగించింది. మార్చి 24 సాయంత్రం 6 గంటల నుంచి రాష్ట్రంలో గుంపులు చేరడాన్ని నిషేధించే 144వ సెక్షన్ అమల్లోకి వచ్చింది. ఆ రాత్రే ప్రధాని 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. అది మొదలైన మార్చి 25 శార్వరి నామ సంవత్సర ఉగాది. పేటలోని తెలుగు ఇళ్లలో పచ్చడి కలుపుకున్నారు గానీ గుడికి వెళ్లి పంచాంగ శ్రవణం వినే వీలు లేకపోయింది.

ఏప్రిల్ 14తో ముగియాల్సిన లాక్‌డౌన్ మే 3, మే 17, మే 31 దాకా సాగింది. చెన్నైకి ఇవి చాలలేదు. ఏప్రిల్ 26 నుంచి 29 వరకు నగరాన్ని పూర్తిగా మూసేశారు. ఆ కబురు తెలియగానే ఏప్రిల్ 25న అంగళ్ల ముందు జనం కిక్కిరిశారు. మూసివేతకు ముందురోజు రద్దీ రోగానికి దారి చేసిందన్న విమర్శ అప్పుడే మొదలైంది. జూన్ 19 నుంచి చెన్నై, కాంచీపురం, తిరువళ్లూరు, చెంగల్పట్టు జిల్లాల్లో మళ్లీ కట్టుదిట్టమైన లాక్‌డౌన్ పెట్టి జులై 5 దాకా కొనసాగించారు. ఆ రోజుల్లో సరుకులు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 గంటల దాకా, అదీ బండి తీయకుండా 2 కిలోమీటర్ల లోపు నడిచి వెళ్లి తెచ్చుకోవాలి.

బజారు మూత

జార్జి టౌన్‌కు సరుకు కోసం వచ్చేవాళ్లలో నెల్లూరు, సూళ్లూరుపేట, నాయుడుపేట, చిత్తూరు వైపు చిల్లర వ్యాపారులు చాలామంది. పొద్దున రైల్లో వచ్చి సరుకు చూసి, వాల్‌టాక్స్ రోడ్డులో పార్శిల్ ఆఫీసులో వేసి, సాయంత్రానికి తిరుగు రైలెక్కడం వీళ్ల అలవాటు. మార్చి మూడో వారాంతంలో ప్యాసింజర్ రైళ్లు నిలిచిపోగానే ఈ రాకపోకలు ఆగిపోయాయి. అరువు మీద నడిచే టోకు వ్యాపారంలో చిల్లర అంగడి మూతపడితే బాకీ వసూలు కాదు, బాకీ రాకపోతే మిల్లుకు చెల్లింపు ఉండదు. రిజర్వు బ్యాంకు మార్చి 27న ప్రకటించి, తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించిన వాయిదాల మారటోరియం బ్యాంకు అప్పులకు ఊరటనిచ్చింది. నోటి మాట మీద నడిచే అరువుకు అలాంటి ఏర్పాటు లేదు.

నష్టం అన్ని వీధులకూ ఒకేలా లేదు. నైనియప్ప నాయకన్ వీధిలో మాస్కులకు, శానిటైజర్‌కు మార్చి మొదట్లోనే గిరాకీ పెరిగింది. కేంద్రం మార్చి 13న ఈ రెంటినీ నిత్యావసరాల చట్టం కిందికి తెచ్చి, ఆ నెల 21న గరిష్ఠ ధరలు నిర్ణయించింది: రెండు పొరల మాస్కు రూ.8, మూడు పొరలది రూ.10, 200 మిల్లీలీటర్ల శానిటైజర్ రూ.100. ఆండర్సన్ వీధి పరిస్థితి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పెళ్లి ముహూర్తాల కాలం. శుభలేఖల అచ్చుపని ఏడాది సంపాదనలో పెద్ద భాగం అప్పుడే వస్తుంది. పెళ్లికి 50 మందికి మించి రాకూడదన్న నిబంధనతో శుభలేఖ వాట్సాప్ సందేశంగా మారింది. బళ్లు తెరవకపోవడంతో నోటు పుస్తకాల కాగితమూ కదలలేదు. ఏప్రిల్ 26 అక్షయ తృతీయ. ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు నగల అంగళ్లకు ఏడాదిలోకెల్లా పెద్ద రోజు, సరిగ్గా చెన్నై పూర్తి మూసివేత మొదలైన రోజున పడింది.

అందరికన్నా ఎక్కువ దెబ్బ తిన్నది మోత కూలీలు. మూటకింత అని కూలి తీసుకునే వీళ్లకు నెల జీతం లేదు, ఏ అంగడి జీతాల పట్టీలోనూ పేరు లేదు. ట్రైసైకిల్ బండ్ల వాళ్లు, టీ కొట్టు పనివాళ్లు, తోపుడు బండ్ల వాళ్లు, హైకోర్టు చుట్టుపక్కల టైపిస్టులు, జెరాక్స్ అంగళ్ల వాళ్లు కూడా ఈ వరుసలోని వాళ్లే. కోర్టు విచారణలు వీడియోకు మారి న్యాయవాదుల ఛాంబర్లు మూతపడడంతో తంబుచెట్టి వీధి, ఆర్మేనియన్ వీధుల్లోని చిన్న వకీళ్ల రాబడీ ఆగింది. జూన్ 1న కేంద్రం ప్రారంభించిన స్వనిధి పథకం వీధి వ్యాపారులకు రూ.10,000 అప్పు ఇచ్చింది. మూటలు మోసేవాళ్లకు అదీ వర్తించలేదు.

ఇల్లు, కాలిబాట, గుడి

బియ్యం రేషన్ కార్డు ఉన్న ప్రతి కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం రూ.1,000, ఉచితంగా బియ్యం, పప్పు, నూనె, చక్కెర ఇచ్చింది. గుంపులు చేరకుండా టోకెన్లు పంచి రోజుకు ఇంతమంది అని పిలిచారు. జూన్ మూసివేత సమయంలో చెన్నై పరిసర జిల్లాల్లో మరో రూ.1,000 ఇంటికే తెచ్చి ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్, ఒడిశా, బిహార్ కార్డులున్న కూలీలకు ఇవి అందలేదు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు విధానంలో తమిళనాడు చేరింది 2020 అక్టోబరు 1న. అప్పటికి ఆకలి రోజులు చాలా గడిచిపోయాయి. ఆ లోటును కొంతవరకు తీర్చింది అమ్మ ఉణవగాలు. మామూలుగా రూపాయికి ఇడ్లీ, రూ.5కు సాంబారు అన్నం అమ్మే ఈ నగరపాలక భోజనశాలలు లాక్‌డౌన్‌లోనూ నడిచాయి. జూన్ మూసివేతలో భోజనం ఉచితంగా పెట్టాయి. జైన సంఘాలు, మసీదు జమాతులు, ఆలయ ధర్మసంస్థలు, కుర్రాళ్ల బృందాలు పొట్లాలు పంచాయి.

ఇంట్లో ఉండండి అన్న మాట కాలిబాట కుటుంబాలకు అన్వయించలేదు. వాళ్లలో కొందరిని బళ్లలో, రాత్రి బసల్లో చేర్చారు. మిగిలినవాళ్లు మూసిన అంగళ్ల అరుగుల మీదే ఉన్నారు. సబ్బుతో తరచు చేతులు కడుక్కోవాలంటే నీళ్లు కావాలి; వీళ్లకున్నది వీధి పంపు, డబ్బు చెల్లించి వాడే మరుగుదొడ్డి. 2019 వేసవిలో జలాశయాలు ఎండిపోయి నగరం లారీ నీళ్ల మీద బతికింది. అది జరిగిన మరుసటి ఏడాదే మహమ్మారి వచ్చింది.

మేడల మీది ఉమ్మడి ఇళ్లలో ఇబ్బంది వేరు రకం. ఒకరికి పాజిటివ్ వస్తే వేరే గది, వేరే మరుగుదొడ్డి ఉంటేనే ఇంట్లో ఉండనిచ్చేవారు. అవి ఉన్న ఇళ్లు తక్కువ కాబట్టి రోగలక్షణాలు లేనివాళ్లు కూడా కాలేజీల్లో, నందంబాక్కం ట్రేడ్ సెంటర్‌లో ఏర్పాటు చేసిన కేంద్రాలకు వెళ్లాల్సివచ్చింది. ఇంటి తలుపు మీద క్వారంటైన్ స్టిక్కర్, వీధి మొగన రేకుల అడ్డుకట్ట, గుమ్మాల ముందు బ్లీచింగ్ పౌడర్ ఆనాటి గుర్తులు. స్టిక్కర్ పడ్డ ఇంటికి పాలవాడు, పనిమనిషి రావడం మానేసేవారు. రోగం కన్నా ఆ వెలికి భయపడి లక్షణాలు దాచుకున్నవాళ్లున్నారు.

గుళ్లలో నిత్యపూజలు ఆగలేదు, దర్శనాలు ఆగాయి. కన్యకా పరమేశ్వరి, చెన్నకేశవ పెరుమాళ్, చెన్నమల్లీశ్వరర్, కాళికాంబాళ్, కందకోట్టం ఆలయాల తలుపులు సెప్టెంబరు 1 దాకా భక్తులకు తెరుచుకోలేదు. రంజాన్ మాసమంతా మన్నడి మసీదుల్లో సామూహిక ప్రార్థనలు లేవు. ఆగస్టు 22 వినాయక చవితికి వీధుల్లో విగ్రహాలు నిలపడాన్ని ప్రభుత్వం నిషేధించింది. తిరుమల బ్రహ్మోత్సవాలకు చెన్నకేశవ పెరుమాళ్ ఆలయం దగ్గర బయలుదేరి యానైకవుని దాటి వెళ్లే గొడుగుల ఊరేగింపు పేటలో ఏటా పెద్ద పండుగ. 2020 సెప్టెంబరులో తిరుమలలో ఉత్సవాలే ఏకాంతంగా జరిగాయి. ఇక్కడ ఊరేగింపూ మునుపటిలా సాగలేదు.

బళ్లు మార్చిలోనే మూతపడ్డాయి. పదో తరగతి పరీక్షలు జూన్ 1కి, తర్వాత జూన్ 15కి వాయిదా పడి, హైకోర్టు ప్రశ్నల నడుమ జూన్ 9న రద్దయ్యాయి. త్రైమాసిక, అర్ధవార్షిక పరీక్షలకు 80 శాతం, హాజరుకు 20 శాతం చొప్పున మార్కులు వేసి అందర్నీ ఉత్తీర్ణుల్ని చేశారు. పాఠాలు రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానల్ కల్వి టీవీకి, సెల్‌ఫోన్‌కు మారాయి. ఇంటికి ఒకే ఫోను ఉండి అది తండ్రితో పనికి వెళ్లిపోయే కుటుంబాల్లో చదువు అక్కడే నిలిచింది.

కోయంబేడు

నగరపు కూరగాయల టోకు మార్కెట్ 1996 దాకా కొత్వాల్ చావిడిలో ఉండేది. లారీలు తిరగలేని ఇరుకు వల్ల దాన్ని నగరపు పశ్చిమ భాగంలో 295 ఎకరాల కోయంబేడు ప్రాంగణానికి తరలించారు. వేలాది అంగళ్లు ఒకే ఆవరణలోకి చేరడంతో చెన్నై మొత్తానికి కూర, పండు, పువ్వు అక్కడి నుంచే రావాల్సిన పరిస్థితి ఏర్పడింది.

అలాంటి కేంద్రం మహమ్మారి కాలంలో ఎలా ప్రమాదకరమవుతుందో ఏప్రిల్ చివర తేలింది. మదనపల్లె, కోలారు టమాటా లారీలు రాత్రి వస్తాయి. హమాలీలు దించుతారు. తెల్లవారుజామున ప్రతి పేట నుంచీ చిల్లర వ్యాపారులు వచ్చి, బేరమాడి, ఆటోల్లో వేసుకుపోతారు. ఒకచోట సోకిన వైరస్ కొన్ని గంటల్లో నగరంలోని మూలమూలకూ చేరడానికి ఈ మార్గం చాలు. మే 5న మార్కెట్‌ను మూసి, కూరగాయల వ్యాపారాన్ని తిరుమళిశైకి, పండ్లు, పూల వ్యాపారాన్ని మాధవరానికి మార్చారు. అప్పటికే కూలీలు సొంత ఊళ్లకు వెళ్లిపోయారు. కడలూరు, అరియలూరు, విళుప్పురం జిల్లాల్లో కేసులు ఒక్కసారిగా పెరిగాయి. చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లో బయటపడ్డ కేసులను తెలుగు పత్రికలు కోయంబేడు లింకు అని రాశాయి. మార్కెట్‌ను ముందే విడదీసి ఉండాల్సిందా, వ్యాపారులే తరలింపునకు ఒప్పుకోలేదా అన్న వాదం నెలల తరబడి సాగింది. టోకు మార్కెట్లు రోగ కేంద్రాలు కావడం చెన్నైకే పరిమితం కాదు. జూన్‌లో బీజింగ్‌లోని షిన్‌ఫాది మార్కెట్‌లోనూ ఇదే జరిగింది.

రాయపురం జోన్, జ్వర శిబిరాలు

ఏప్రిల్ నుంచి జూన్ దాకా జోన్లవారీ లెక్కల్లో రాయపురం చాలా రోజులు మొదటి స్థానంలో ఉంది. జూన్ చివర చెన్నైలో రోజుకు 2,000కు పైగా కొత్త కేసులు వచ్చాయి. జనరల్ ఆసుపత్రి, స్టాన్లీ, కీళ్పాక్కం, ఓమందూరార్ ఎస్టేట్ ఆసుపత్రుల పడకలు నిండాయి. అయిదుగురు మంత్రులకు జోన్లు పంచి పర్యవేక్షణ అప్పగించారు. జూన్ 12న ఆరోగ్య శాఖ కార్యదర్శి బీలా రాజేష్ స్థానంలో జె. రాధాకృష్ణన్ వచ్చారు. అప్పటి నగరపాలక కమిషనర్ జి. ప్రకాష్.

ఈ విడతలో పేటకు నిజంగా ఉపకరించింది జ్వర శిబిరం. వీధి చివర ఒక షామియానా, రెండు బల్లలు, ఒక డాక్టరు, నర్సు, పేర్లు రాసుకునే ఉద్యోగి. వచ్చినవాళ్ల నుదుటి దగ్గర థర్మామీటరు పెడతారు, వేలికి ఆక్సీమీటరు తగిలిస్తారు. దగ్గు, జ్వరం, రుచి తెలియకపోవడం అడుగుతారు. అనుమానం ఉంటే ముక్కులోంచి, గొంతులోంచి నమూనా తీస్తారు. జింకు, విటమిన్ మాత్రలు, కబసుర కుడినీర్ అనే సిద్ధ వైద్య కషాయపు పొడి చేతికిస్తారు. ఆసుపత్రి పేరు చెబితే జంకేవాళ్లు కూడా తమ వీధిలోని బల్ల దగ్గరికి వచ్చారు. దీనికి తోడు వేలాది సిబ్బంది రోజూ ఇంటింటికీ తిరిగి జ్వరం ఉందా అని అడిగారు. క్వారంటైన్‌లో ఉన్న కుటుంబాలకు మందులు, సరుకులు తెచ్చిపెట్టడానికి యువ వాలంటీర్లను నియమించారు. వీళ్లలో చాలామంది తాత్కాలిక ఉద్యోగులు, ముఖ్యంగా మహిళలు. పారిశుద్ధ్య కార్మికులు ఒక్క రోజూ పని ఆపలేదు.

తమిళనాడు ఆర్‌టి-పిసిఆర్ పరీక్ష మీదే ఆధారపడింది. చైనా నుంచి తెప్పించిన ర్యాపిడ్ కిట్లు సరిగా పనిచేయక ఏప్రిల్ చివర వెనక్కి పంపాల్సివచ్చింది. ఛత్తీస్‌గఢ్ తక్కువ ధరకు కొన్నప్పుడు తమిళనాడు కిట్ ఒకటికి రూ.600 ఎందుకు చెల్లించిందన్నది ప్రతిపక్షం వేసిన ప్రశ్న.

తిరుగుదారులు, సరిహద్దులు

ఉత్తరాది, ఒడిశా కూలీలు మే నెల నుంచి శ్రామిక్ రైళ్లలో వెళ్లారు. అంతకుముందే చెన్నై తీరం నుంచి పడవ కొనుక్కుని సముద్రం మీద శ్రీకాకుళం, గంజాం తీరాలకు చేరినవాళ్లున్నారు. ఆంధ్ర సరిహద్దులో ఏప్రిల్ చివర వేలూరు జిల్లా అధికారులు సైనగుంట, పొన్నై దగ్గర రోడ్డుకు అడ్డంగా ఇటుక గోడలే కట్టించారు. రెండు వైపుల నుంచీ నిరసన రావడంతో కూల్చేశారు. చెన్నైలో పని, సరిహద్దు అవతల కుటుంబం ఉన్న తెలుగు వాళ్లకు ఈ-పాస్ అనే ప్రయాణ అనుమతి పెద్ద అడ్డంకి అయింది. చావుకు వెళ్లడానికి కూడా దరఖాస్తు తిరస్కరణకు గురైందని, దళారులు డబ్బు గుంజుతున్నారని ఫిర్యాదులు వచ్చాయి. ఆగస్టు 17 నుంచి అడిగిన అందరికీ పాస్ ఇచ్చారు. రాష్ట్రం లోపల ప్రయాణాలకు దాన్ని సెప్టెంబరు 1న తీసేశారు.

బహిరంగ చర్చ

మొదటి వివాదం మతం చుట్టూ తిరిగింది. ఢిల్లీ నిజాముద్దీన్‌లో మార్చిలో జరిగిన తబ్లీగీ జమాత్ అనే ముస్లిం మత ప్రచార సంస్థ సమావేశానికి వెళ్లివచ్చినవాళ్లలో ఏప్రిల్ మొదటి వారాల్లో ఎక్కువ కేసులు బయటపడ్డాయి. వాట్సాప్‌లో ముస్లిములందరి మీదా నింద ప్రచారమైంది. వ్యాధికి మతం రంగు పులమవద్దని రాష్ట్ర ప్రభుత్వం చెప్పినా మన్నడి వంటి చోట్ల అనుమానపు చూపులు తప్పలేదు. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీ సభ్యుల మీది కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువుల్ని చేశారని వ్యాఖ్యానించింది.

రెండోది మృతదేహానికి దక్కాల్సిన గౌరవం. ఏప్రిల్ 13న చెన్నైలో మరణించిన నెల్లూరు వైద్యుడి దహనాన్ని అంబత్తూరులో స్థానికులు అడ్డుకున్నారు. ఏప్రిల్ 19న మరణించిన న్యూరోసర్జన్ డాక్టర్ సైమన్ హెర్క్యులస్ ఖననానికి వెళ్లిన అంబులెన్సు మీద రాళ్లు రువ్వారు. సహ వైద్యుడొకరు అర్ధరాత్రి వేలంగాడు శ్మశానంలో మట్టి కప్పి కార్యం ముగించారు. మద్రాసు హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, గౌరవప్రదమైన అంత్యక్రియలు రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన హక్కులో భాగమని చెప్పింది. ఖననాన్ని అడ్డుకుంటే మూడేళ్ల దాకా జైలు అంటూ రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది. ప్రాణాలు కాపాడబోయి పోయిన మనిషికి ఆరడుగుల నేల నిరాకరించడం ఈ కాలపు అతి పెద్ద సిగ్గు.

సాయం ఎవరు పంచాలన్నది మూడో చర్చ. పార్టీలు, సంస్థలు నేరుగా ఆహారం పంచకూడదని ఏప్రిల్ 12న ప్రభుత్వం ఆదేశించింది. గుంపులు చేరతాయన్నది కారణం. డి.ఎం.కె. కోర్టుకెక్కింది. ముందుగా తెలియజేసి, కొద్దిమంది మాత్రమే వెళ్లి పంచవచ్చని ఏప్రిల్ 16న హైకోర్టు అనుమతించింది. ప్రభుత్వ యంత్రాంగం చేరలేని సందులకు చేరింది ఈ చిన్న బృందాలే కాబట్టి ఆ తీర్పు పేటకు మేలు చేసింది.

మే 7న చెన్నై మినహా రాష్ట్రంలో టాస్మాక్ మద్యం దుకాణాలు తెరిచారు. దూరం పాటించడం లేదని మే 8న హైకోర్టు మూయించింది. సుప్రీంకోర్టు మే 15న స్టే ఇవ్వడంతో మళ్లీ తెరిచారు. గుడికి లేని అనుమతి సారాయి కొట్టుకు ఎలా వచ్చిందని మహిళలు నిలదీశారు. చెన్నైలో ఇవి ఆగస్టు 18న తెరుచుకున్నాయి.

వ్యాపారుల్ని కలచివేసింది సాత్తాన్‌కుళం. తూత్తుకుడి జిల్లాలోని ఆ ఊళ్లో, లాక్‌డౌన్ వేళ దాటి అంగడి తెరిచారన్న ఆరోపణతో జూన్ 19న పోలీసులు పట్టుకెళ్లిన జయరాజ్, ఆయన కొడుకు బెన్నిక్స్ కస్టడీలో దెబ్బలు తిని గంటల తేడాలో మరణించారు. రాష్ట్రమంతటా వర్తక సంఘాలు అంగళ్లు మూసి నిరసన తెలిపాయి. అంటువ్యాధి నిబంధన అమలు పేరుతో లాఠీకి ఎంత స్వేచ్ఛ ఇచ్చారన్న ప్రశ్న అప్పుడు తీవ్రంగా వినిపించింది.

మరణాల లెక్క మరో వివాదం. నగరపాలక సంస్థ జనన మరణ రిజిస్టరులోని కోవిడ్ మరణాలు రాష్ట్ర ప్రకటనల్లోని సంఖ్య కన్నా ఎక్కువగా ఉన్నాయని జూన్‌లో బయటపడింది. సమీక్షకు కమిటీ వేశారు. జులై 22న అంతకుముందు లెక్కలోకి రాని 444 చెన్నై మరణాలను జాబితాలో చేర్చారు. పౌర సంఘాలు, పత్రికలు పట్టుబట్టకపోతే ఈ సవరణ జరిగేది కాదు.

సడలింపు

జులై 6 నుంచి చెన్నైలో అంగళ్లు సాయంత్రం 6 దాకా తెరిచారు. రాష్ట్రంలో ఆ ఏడాది గరిష్ఠ రోజువారీ సంఖ్య, 6,993, జులై 27న నమోదైంది. అప్పటికి చెన్నైలో ఉధృతి తగ్గి జిల్లాల్లో పెరుగుతోంది. సెప్టెంబరు 7న మెట్రో, సెప్టెంబరు 28న కోయంబేడు కూరగాయల మార్కెట్, అక్టోబరు 5న అత్యవసర ఉద్యోగులకు సబర్బన్ రైళ్లు తిరిగి మొదలయ్యాయి. మాస్కు లేకపోతే రూ.200, బహిరంగంగా ఉమ్మితే రూ.500 జరిమానా సెప్టెంబరులో చట్టమైంది. అదే నెల 25న చెన్నై ఆసుపత్రిలో గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మరణం తెలుగు, తమిళ కుటుంబాలను సమంగా దుఃఖంలో ముంచింది. 2021 జనవరి 16న టీకాలు వేయడం ప్రారంభమైంది.

అంచనా

2020 జులైలో నగరపాలక సంస్థ, జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ కలిసి చెన్నైలో 12,405 మంది రక్తం పరీక్షించాయి. 21.5 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. జోన్లవారీగా తొండయార్‌పేటలో 44.2 శాతం, రాయపురంలో 34.4 శాతం. నగరంలో అన్ని ప్రాంతాలకన్నా ఎక్కువగా సోకింది ఇరుకైన ఉత్తర చెన్నైకే అన్నది దీనితో స్పష్టమైంది. అక్కడి జనం క్రమశిక్షణ లేనివాళ్లన్న నింద ఆ రోజుల్లో తరచు వినబడింది; అది న్యాయం కాదు. ఉమ్మడి కుళాయి, ఉమ్మడి మెట్లు, రోజు కూలి ఉన్నచోట దూరం పాటించడం మనిషి ఇష్టాన్ని బట్టి ఉండదు, వసతిని బట్టి ఉంటుంది.

జార్జి టౌన్ అనుభవం చెప్పే పాఠాలు మూడు. అన్నం, నీళ్లు, విడిగా ఉండే చోటు సమకూర్చాకే ఇంట్లో ఉండమనే ఆజ్ఞకు అర్థం ఉంటుంది. వీధిలోకి వచ్చిన వైద్యం, భయపెట్టిన రేకుల అడ్డుకట్ట కన్నా ఎక్కువ మందిని కాపాడుతుంది. మరణాల లెక్క నిజాయితీగా చెప్పే ప్రభుత్వం మాటనే జనం నమ్ముతారు. మోత కూలీల పేర్లు, కాలిబాట కుటుంబాల పేర్లు నగరపు జాబితాల్లోకి ఎక్కించడం రాబోయే ఏ అంటువ్యాధికైనా చేసుకోవాల్సిన మొదటి సన్నాహం.